కీ తిప్పితే ‘టక్’ అంటుంది, బండి లేవదు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే బాధ మీద ఉన్నాయి కాబట్టి పేజీలన్నీ దానికే ఇచ్చాం. ముందుగా ఒకటి తేల్చుకోండి. సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పి లేపే స్టార్టర్ మోటారు) కొడితే ఇంజిన్ తిరుగుతూ అందుకోకపోవడం వేరు, అసలు తిరగకపోవడం వేరు. మొదటిది పెట్రోలు, స్పార్కు, సెన్సార్ల సంగతి. దానికి ఈ జవాబులు పనికిరావు. రెండోది చాలావరకు కరెంటు సంగతి. అందులోనూ ‘టకటకటక’ అని వరసగా కొట్టుకుంటోందా, ‘టక్’ అని ఒక్కసారి అని ఊరుకుంటోందా అన్నదాన్ని బట్టి వెతకాల్సిన చోటు మారిపోతుంది. చెవి పెట్టి విన్నాకే బోనెట్ ఎత్తండి.

ప్ర: మాది ఆరేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పొద్దున్నే కీ తిప్పితే టకటకమని కొట్టుకుంటుంది, డాష్‌బోర్డు లైట్లు ఆరి వెలుగుతాయి. బ్యాటరీ కొని ఎనిమిది నెలలే అయింది. షాపులో మీటర్ పెట్టి 12.4 వోల్టులు చూపిస్తోంది, బ్యాటరీకి ఏమీ లేదన్నారు. పక్కింటివాళ్ల కారుతో జంపర్ (రెండు బ్యాటరీలను కలిపే కేబుల్) పెడితే వెంటనే లేస్తోంది. సెల్ఫ్ మోటార్ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చమంటారా? (తణుకు నుంచి ఒక పాఠకుడు)

జ: ఇప్పుడే మార్చకండి. మీరు రాసిన చప్పుడే సెల్ఫ్ తరఫున సాక్ష్యం చెబుతోంది. కీ తిప్పగానే సెల్ఫ్ మీద ఉండే సొలినాయిడ్‌లో కాయిల్ ఒక ఇనుప ప్లంజర్ని గుంజుతుంది. అది వెళ్లి రెండు లావుపాటి రాగి కాంటాక్టులను కలిపితే మోటారుకు కరెంటు పారుతుంది. చిన్న పెట్రోలు కారుకైనా ఆ కరెంటు 100 నుంచి 200 ఆంపియర్లు. అంత ఇవ్వలేని బ్యాటరీ అయితే ఆ క్షణంలో వోల్టేజి కుప్పకూలుతుంది, కాయిల్ పట్టు వదిలేస్తుంది, స్ప్రింగ్ ప్లంజర్ని వెనక్కి తోస్తుంది. లోడు పోయింది కాబట్టి వోల్టేజి మళ్లీ లేస్తుంది, కాయిల్ మళ్లీ గుంజుతుంది. ఇది సెకనుకు చాలాసార్లు జరుగుతుంది కాబట్టే ఆ టకటక. అంటే సొలినాయిడ్ తన పని తాను చేస్తోంది, దానికి తిండే చాలడం లేదు.

ఇక ఆ 12.4 సంగతి. ఏ లోడూ లేకుండా ఊరికే ఉన్న బ్యాటరీ పూర్తి చార్జి మీద 12.6 నుంచి 12.7 చూపిస్తుంది. 12.4 అంటే సుమారు ముప్పాతిక చార్జి, 12.2 అంటే సగం, 11.8 దగ్గరికి వస్తే ఖాళీ. కానీ ఈ అంకె ఎంత చార్జి ఉందో చెబుతుందే గానీ అడిగినప్పుడు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పదు. మేడ మీద ట్యాంకు నిండుగా ఉన్నా పైపులో పాచి పట్టి కింద కుళాయి సన్నగా రావచ్చు కదా. అందుకే లోడు పెట్టకుండా ‘బ్యాటరీ బాగుంది’ అనే మాటను మేం ఒప్పుకోం.

ఇంట్లోనే చూసుకోవచ్చు. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. రెండు ప్రోబుల మొనలను బ్యాటరీ పైకి పొడుచుకొచ్చిన సీసపు స్తంభాల మీదే ఆనించండి, వాటిని చుట్టుకున్న పట్టీల మీద కాదు. ఇంకొకరిని రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. అంకె 9.6 కిందికి పడిపోయినా, ఏడుకీ పదకొండుకీ మధ్య ఊగిసలాడినా బ్యాటరీలో చార్జి లేదు, లేదా ఒక సెల్లు పోయింది. అలా కాక టకటక వస్తున్నా అంకె 12 దగ్గరే నిలబడిందంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, దారిలో అడ్డం పడింది. అప్పుడు ఒక ప్రోబును సీసపు స్తంభం మీద, రెండోదాన్ని అదే స్తంభానికి బిగించిన పట్టీ మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. దాదాపు సున్నా రావాలి. ఒకటి రెండు వోల్టులు కనిపించాయా, దొంగ అక్కడే దొరికాడు.

జంపర్ పెడితే లేచింది కాబట్టి బ్యాటరీదే తప్పని చాలామంది తీర్మానించేస్తారు. అది సగమే నిజం. జంపర్ క్లిప్పును మనం సాధారణంగా పట్టీ మీదో దాని బోల్టు మీదో తగిలిస్తాం. అప్పుడు కరెంటు చిలుము పట్టిన ఆ అతుకును తప్పించుకుని నేరుగా వైరులోకి వెళ్లిపోతుంది. బ్యాటరీ మంచిదైనా, చెడ్డదైనా జంపర్‌తో బండి లేస్తుంది.

పట్టీ ఊడదీసి చూడండి. పైన కనిపించే తెల్లటి, ఆకుపచ్చటి పొడి అందరూ తుడుస్తారు. అసలు అడ్డు లోపల ఉంటుంది. పట్టీ లోపలి గుండ్రానికీ సీసానికీ మధ్య మసి పూసినట్టు నల్లటి పలుచటి పొర, గోటితో గీకితే కింద వెండిలా సీసం మెరుస్తుంది. విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయండి, ఎక్కువ కార్లకు పదో నంబరు స్పానర్ సరిపోతుంది. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ కొన బాడీకి తగిలి నిప్పులు రేగుతాయి, అందుకే ఆ వరస. గ్లాసుడు వేడినీళ్లలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, ఆ నీళ్లు సెల్లు మూతల్లోకి మాత్రం పోనివ్వకండి. తడి ఆరాక సన్న ఉప్పు కాగితంతో స్తంభాన్నీ, పట్టీ లోపలివైపునూ మెరిసేదాకా తోమండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ తర్వాత. చేత్తో తిప్పితే పట్టీ ఇసుమంతైనా కదలకూడదు. వ్యాజలిన్ బిగించిన తర్వాతే పైన పూయాలి, ముందు కాదు. బ్యాటరీ విప్పినందుకు గడియారం, రేడియో, కొన్ని కార్లలో అద్దాల ఆటో సెట్టింగు పోతాయి, కంగారు పడకండి.

దీనికీ లొంగకపోతే బ్యాటరీని షాపులో ఒక రాత్రంతా నెమ్మదిగా చార్జి పెట్టించి (35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 3.5 ఆంపియర్లు చాలు; ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్) ఆ తర్వాత లోడ్ టెస్టర్‌తో చూపించమనండి. 15 సెకన్ల లోడులో 9.6 కిందికి పోతే వారంటీలో అడగండి. బ్యాటరీ మీద తయారీ నెల కూడా చూడండి. కొన్నది ఎనిమిది నెలల కిందటే అయినా షాపు అరలో చార్జి లేకుండా నెలల తరబడి పడున్న బ్యాటరీ ముసలిదై ఉండవచ్చు. కొత్తది వేసినా డైనమో చార్జి చేయకపోతే నెలలో మళ్లీ ఇదే కథ. ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ వేసి, కాస్త రేస్ ఇచ్చి కొలవండి. 13.5కు తగ్గకూడదు, సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. లైట్లు వేయమన్నది ఎందుకంటే కొన్ని కొత్త కార్లలో లోడు లేనప్పుడు కంప్యూటరే చార్జింగు తగ్గిస్తుంది.

ప్ర: మా డీజిల్ బండి తొమ్మిదేండ్లది. కీ తిప్పితే ‘టక్’ అని ఒకటే చప్పుడు, లైట్లు మాత్రం మంచిగనే వెలుగుతున్నయి. నాలుగైదుసార్లు తిప్పితే ఒకసారి లేస్తది. దూరం పోయి వచ్చి వేడి మీద ఆపితే ఇంకా మొండికేస్తది. డ్రైవర్ కిందికి పోయి సెల్ఫ్ మీద స్పానర్‌తో తడితే స్టార్ట్ అయితది. ఇట్ల ఎన్ని రోజులు నడుస్తది? (కొత్తగూడెం)

జ: ఎక్కువ రోజులు నడవదు, నడపకండి కూడా. తడితే లేవడానికి కారణం కార్బన్ బ్రష్‌లు, అంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు. కమ్యుటేటర్ (ఆ తిరిగే భాగం మీది రాగి పలకల చుట్టు) మీద ఆనుకుని ఉండాల్సిన బ్రష్ అరిగి పొట్టిదైతే స్ప్రింగుకు ఒత్తిడి చాలదు. బ్రష్ తన గూట్లో కార్బన్ పొడికి ఇరుక్కుని పైనే ఆగిపోతుంది. తట్టినప్పుడు జారి కిందికి ఆనుకుంటుంది, ఆ ఒక్కసారికి కరెంటు పారుతుంది. గట్టిగా మోదితే మరో నష్టం. ఇప్పటి సెల్ఫులు చాలావాటిలో లోపల చుట్టూ అయస్కాంతపు పలకలు అతికించి ఉంటాయి. సుత్తి దెబ్బకు అవి పగిలితే వందల్లో పోయే రిపేరు వేలల్లోకి వెళ్తుంది. దారిలో ఇరుక్కుంటే ఒక్కసారి చెక్కముక్కతో మెల్లగా తట్టి ఇల్లు చేరండి, అంతే. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు రాయి పెట్టకుండా ఎవరినీ కిందికి పంపవద్దు.

అయినా సెల్ఫ్ విప్పే ముందు రెండు పరీక్షలు చేయించండి. రాత్రిపూట గోడకు ఎదురుగా బండి పెట్టి హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. ‘టక్’ అన్నాక కూడా వెలుతురు తగ్గలేదంటే మోటారులోకి కరెంటు వెళ్లడం లేదు: బ్రష్‌లు, లేదా సొలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలి గుంటలు పడ్డాయి. లైట్లు బాగా మసకబారితే కరెంటు వెళ్తోంది గానీ తిరగడం లేదు: ఆర్మేచర్ (సెల్ఫ్ లోపల తిరిగే భాగం) పట్టేసింది, ఇంజినే బిగుసుకుంది, లేదా బ్యాటరీ బలహీనం. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటిదే కావచ్చు.

రెండోది ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి) పరీక్ష. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరు గుండా కరెంటు పోదు. ఇంజినుకు, గేర్‌బాక్సుకు ఎర్త్ అందేది ఒకటి రెండు లావుపాటి ఎర్త్ వైర్ల ద్వారానే. పాత బండ్లలో ఆ వైరు లగ్గు (చివరి లోహపు బిళ్ల) కింద తుప్పు, బురద చేరి కరెంటుకు దారి ఉండదు. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొస ఇంజిన్ మీద పెయింటు లేని లోహానికి తగిలించి సెల్ఫ్ కొట్టండి. లేచిందా, సెల్ఫ్ జోలికి పోనక్కర్లేదు, ఎర్త్ వైరు విప్పి తోమి బిగించండి. మీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్ అయితే సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్ స్తంభానికీ సెల్ఫ్ బాడీకీ మధ్య కొలుస్తాడు, 0.2 లేదా 0.3 వోల్టు దాటకూడదు. పాజిటివ్ స్తంభం నుంచి సెల్ఫ్ మీది లావు వైరు బోల్టుకు 0.5 దాటకూడదు.

వేడి మీద మొండికేయడానికి కారణం ఉంది. రాగి వేడెక్కితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది, బుష్‌లు (ఆర్మేచర్ ఇరుసును మోసే లోహపు గొట్టాలు) అరిగి ఉంటే ఆర్మేచర్ వాలి లోపల రాసుకుంటుంది. కాబట్టి రిపేరుకు ఇచ్చినప్పుడు బ్రష్‌లతో పాటు బుష్‌లు, సొలినాయిడ్ కాంటాక్టులు కూడా చూడమనండి. పాత బ్రష్‌లు మీ చేతికి ఇవ్వమని అడగండి, కొత్తదాని పక్కన పెడితే పొడవులో తేడా కంటికే తెలుస్తుంది. కమ్యుటేటర్ మీద చారలు పడి ఉంటే లేత్ మీద పలుచగా తీయించి, రాగి పలకల మధ్య ఉన్న మైకాను (కరెంటు పారనివ్వని పొర) కూడా కాస్త లోతుకు కోయించాలి. ఆ కోత వదిలేస్తే కొత్త బ్రష్‌లు ఎగిరెగిరి త్వరగా అరిగిపోతాయి. ఇక నుంచి ఒక్కసారికి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, మళ్లీ కొట్టడానికి ముందు కనీసం అరనిమిషం ఆగండి.

ప్ర: మాది బటన్ స్టార్ట్ ఆటోమేటిక్. నొక్కితే డాష్‌బోర్డులో చిన్నగా ‘క్లిక్’ మని వినిపిస్తుంది, అన్నీ వెలుగుతాయి, ఇంజిన్ ఉలుకూ పలుకూ లేదు. (కడప)

జ: మీరు విన్నది బహుశా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) చప్పుడు, సెల్ఫ్‌ది కాదు. సెల్ఫ్ ‘టక్’ బోనెట్ కింది నుంచి, బరువుగా వస్తుంది. బ్రేక్ నొక్కి వెనక ఎర్ర లైట్లు వెలుగుతున్నాయేమో ఎవరినైనా చూడమనండి. వెలగకపోతే బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్చు పోయి ఉండవచ్చు, బ్రేక్ నొక్కినట్టు తెలియకపోతే కంప్యూటర్ సెల్ఫ్‌కు అనుమతి ఇవ్వదు. వెలిగితే గేరు పీ (పార్కింగ్) నుంచి ఎన్ (న్యూట్రల్)కు మార్చి ప్రయత్నించండి. ఎన్‌లో లేస్తే గేరు స్థానం చెప్పే స్విచ్చు తేడా. రెండూ కాకపోతే కీలో బిళ్ల సెల్ మార్చండి (చాలావాటిలో సీఆర్2032 ఉంటుంది), లేదా కీని బటన్‌కు ఆనించి అదే పట్టున బటన్ నొక్కండి. మాన్యువల్ బండ్లవాళ్లు ఇదే బాధ చెబితే ముందు క్లచ్ పూర్తిగా నేలకు నొక్కారా అని అడుగుతాం. పెడల్ కింద మ్యాట్ ముడుచుకున్నా క్లచ్ స్విచ్చు కలవదు.

ప్ర: జంపర్ కేబుల్ ఏ వరసలో పెట్టాలి? ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. తోసి స్టార్ట్ చేస్తే నష్టమా? (బళ్లారి)

జ: రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకూడదు, రెండూ ఆపి ఉండాలి. ఎర్ర కేబుల్ ముందు మీ బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత ఎదుటి బండి పాజిటివ్‌కు. నల్లది ఎదుటి బండి నెగటివ్‌కు, చివరి కొస మీ బండి ఇంజిన్ మీద పెయింటు లేని బోల్టుకు. మీ బ్యాటరీ నెగటివ్‌కు పెట్టవద్దనడానికి కారణం, ఆఖరి కొస తగిలించినప్పుడు రవ్వ పుడుతుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది. పేలితే యాసిడ్ ముఖం మీద పడుతుంది. ఎదుటి బండి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి, ఆ తర్వాత మీది కొట్టండి. తీసేటప్పుడు సరిగ్గా వెనక్కి వెనక్కి. కొనేటప్పుడు కేబుల్ లావు చూసి మోసపోకండి, లావంతా రబ్బరే ఉంటుంది. లోపల రాగి పెట్రోలు కారుకు కనీసం 16 చదరపు మిల్లీమీటర్లు, డీజిల్‌కు 25 ఉండాలి. సెల్ఫ్ కొట్టాక క్లిప్పు చేతికి చురుక్కుమంటే కేబుల్ పనికిరాదని లెక్క.

మాన్యువల్ గేరు బండిని తోసి లేపవచ్చు. కీ ఆన్, రెండో గేరు, క్లచ్ నొక్కి పట్టి, మనిషి పరుగెత్తేంత వేగం రాగానే క్లచ్ చటుక్కున వదిలి, అందుకోగానే మళ్లీ నొక్కండి. బ్యాటరీ పూర్తిగా చచ్చి డాష్‌బోర్డు లైట్లు కూడా లేకపోతే ఎంత తోసినా లాభం లేదు, ఫ్యూయల్ పంపుకూ కంప్యూటర్‌కూ కరెంటు కావాలి. ఆటోమేటిక్, ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారేవి) బండ్లను తోయకండి.

ప్ర: మా అబ్బాయి అమెరికా వెళ్తూ కారు మా దగ్గర వదిలి వెళ్లాడు. చెడిపోకుండా ప్రతి ఆదివారం స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి ఆపేస్తున్నాం. అయినా రెండు నెలలకే టకటక మొదలైంది. (గుంటూరు)

జ: మీ శ్రద్ధలో లోపం లేదండీ, లెక్కే కలవడం లేదు. తాళం వేసి ఉన్నా కారు కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది: అలారం, రిమోట్ కీ కోసం ఎదురుచూసే రిసీవర్, కంప్యూటర్ జ్ఞాపకం. 25 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా వారానికి 4.2 ఆంపియర్ అవర్లు. ఒక్క సెల్ఫ్‌కు 150 ఆంపియర్ల చొప్పున రెండు సెకన్లు పోయినా ఖర్చు 0.1 కూడా కాదు, ‘సెల్ఫ్ కొడితేనే బ్యాటరీ అయిపోతుంది’ అన్న భయం అందుకే తప్పు. మరి పది నిమిషాల ఐడ్లింగులో తిరిగి వచ్చేదెంత? బ్యాటరీకి 10 ఆంపియర్లు అందినా 1.7 ఆంపియర్ అవర్లు. వారం వారం రెండున్నర చొప్పున అప్పు పెరుగుతుంది. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు నెలల్లో సగానికి దిగిపోతుంది. అలా సగం చార్జి మీద వారాల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి తర్వాత చార్జి పెట్టినా పట్టుకోదు.

వారానికి ఒకసారి బయటికి తీసి 40 నిమిషాలు రోడ్డు మీద నడపండి, టైర్లకూ బ్రేకులకూ కూడా మంచిది. నడిపేవాళ్లు లేకపోతే నెగటివ్ పట్టీ విప్పేయండి, అంతకు ముందు డ్రైవరు తలుపుకు మామూలు తాళంచెవి పనిచేస్తోందో లేదో చూసుకోండి. డాష్‌క్యామ్ ఉంటే పార్కింగ్ మోడ్ తీసేయండి. అది 0.3 ఆంపియర్లు లాగితే రోజుకే 7 ఆంపియర్ అవర్లు పోతాయి. డిక్కీ లైటు, గ్లవ్‌బాక్సు లైటు మూత వేసినా ఆరకుండా ఉండడం కూడా మామూలే. లోపల ఫోన్ వీడియో ఆన్ చేసి పెట్టి మూత వేసి చూడండి, తెలిసిపోతుంది. ఇవేవీ కాకపోతే ఎలక్ట్రీషియన్‌తో నెగటివ్ దారిలో మీటర్ పెట్టించండి. తలుపులన్నీ వేసి అరగంట ఆగాక 50 మిల్లీ ఆంపియర్లకు మించి ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఎక్కడ పడిపోతుందో చూస్తాడు. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు. మూతలు తెరిచే రకం బ్యాటరీ అయితే ప్లేట్లు మునిగి ఉండాలి, డిస్టిల్డ్ వాటర్ తప్ప కుళాయి నీళ్లు పోయవద్దు.

ప్ర: అపార్టుమెంటు సెల్లారులోకి నీళ్లు వచ్చి కారు సీటు దాకా మునిగింది. నీళ్లు తోడాక కీ తిప్పితే ఒక్క ‘టక్’ మని ఆగిపోయింది. బ్యాటరీ తడిసిందనుకుని జంపర్ పెడదామంటున్నారు. (విజయవాడ)

జ: పెట్టవద్దు. ఇంకొక్కసారి కూడా కీ తిప్పవద్దు. నెగటివ్ పట్టీ విప్పేసి మిగతా ఉత్తరం చదవండి.

ఇక్కడ ‘టక్’ అన్నదానికి అర్థం వేరు కావచ్చు. 1200 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్లో ఒక్కో సిలిండరు 300 సీసీ. కంప్రెషన్ 10:1 (పిస్టన్ గాలిని పదో వంతుకు నొక్కడం) అనుకుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ సుమారు 33 మిల్లీలీటర్లు, రెండు పెద్ద చెంచాలకు కాస్త ఎక్కువ. డీజిల్‌లో ఆ ఖాళీ ఇంకా తక్కువ. ఎయిర్ ఫిల్టర్ దారిన అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైకి రాలేదు, గాలిలా నీళ్లు నలగవు. మీ కారులో సెల్ఫ్ ఆగిపోయింది, ఇంజిన్ వైపు నుంచి చూస్తే అది అదృష్టమే. జంపర్‌తో బలం పెంచి తిప్పితే, తోసినా అంతే, కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) వంగుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మీ ఊళ్లో మునిగిన బండ్లకూ ఉన్న ప్రమాదం ఇదే. నీళ్లు చేసిన నష్టం కంటే ఆ తర్వాత తిప్పిన కీ చేసే నష్టం పెద్దది.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఇప్పుడే చెప్పండి. గోడ మీది నీటి గుర్తు, సీటు మీది బురద కనిపించేలా ఫొటోలు తీయండి. మునిగిన బండిని స్టార్ట్ చేయబోయి పాడైన ఇంజినుకు మామూలు పాలసీ సాధారణంగా వర్తించదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉందేమో చూసుకోండి. బండిని లాక్కెళ్లకుండా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించండి. సీట్ల కింద ఎయిర్‌బ్యాగు, వైరింగు కనెక్టర్లు ఉంటాయి కాబట్టి అవి ఆరేదాకా బ్యాటరీ కలపకూడదు.

వర్క్‌షాపులో జరగాల్సిన వరస మీకూ తెలిసి ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడాలి. ఆయిల్ కర్ర తీస్తే పాలు కలిపిన కాఫీ రంగు కనిపించిందంటే ఆయిల్లో నీళ్లు చేరాయి. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పాక (డీజిల్ అయితే ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో) క్రాంక్ బోల్టుకు రెంచి పెట్టి చేత్తో రెండు మూడు చుట్లు తిప్పాలి. నీళ్లుంటే ఆ రంధ్రాల్లోంచి పిచికారీలా చిమ్ముతాయి, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. సాఫీగా తిరిగితే ఒక్కో సిలిండరులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ వేసి, ఆయిల్, ఫిల్టర్లు మార్చి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. కొద్ది నిమిషాలు నడిపాక ఆ కొత్త ఆయిల్ కూడా దించేసి మళ్లీ మార్చమనండి. చేత్తో తిప్పినప్పుడు ఒకే చోట పట్టేస్తుంటే, లేదా కంప్రెషన్ గేజీ పెడితే ఒక సిలిండరు మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే రాడ్ వంగిందేమోనని హెడ్ విప్పి చూడక తప్పదు.